పీర్ టు పీర్ కంప్యూటింగ్‌లో రీసెర్చ్ చేయడానికి ఇంకా ఏమైనా మిగిలి ఉందా?

మీరు అడిగింది ఇదీ: విజయనగరంలో ఎంటెక్ చేస్తున్నారు, గైడ్ గారు పీర్ టు పీర్ డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్ (మధ్యలో సర్వర్ లేకుండా కంప్యూటర్లే ఒకదానికొకటి పని చేసిపెట్టడం) మీద ప్రాజెక్ట్ చెయ్యమన్నారు, క్లాస్‌మేట్లేమో "అదంతా టోరెంట్లతోనే అయిపోయింది, ఇప్పుడు క్లౌడ్ కాలం" అంటున్నారు. ఇందులో ఇంకా తేలని సమస్యలున్నాయా, ఉంటే జీపీయూలు లేని ముప్పై కంప్యూటర్ల కాలేజీ ల్యాబ్‌తో ఏది పట్టుకోవచ్చు అని.

సూటిగా చెప్తాను. అయిపోయింది ఒక్క భాగమే: ఏ వస్తువు ఏ కంప్యూటర్లో ఉందో వెతికి పట్టుకోవడం. దాని జోలికి వెళ్లకండి. మనది కాని కంప్యూటర్ మీద, మనకి తెలియని మనిషి దగ్గర, ఎప్పుడు ఆగిపోతుందో తెలియని కరెంటు మీద పని చేయించుకుని, వచ్చిన జవాబుని నమ్మడం ఎలా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. అందులోనూ పేపర్లలో ముందుగానే ఒప్పేసుకునే కొన్ని ఊహలు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అసలు నిలబడవు. మీకు దొరికే కొత్తదనం అక్కడుంది. నేను ఇలాంటి సిస్టమ్స్ కట్టి నడిపిన వాడిని, ఇప్పుడు ఎక్కువగా పిల్లల థీసిస్‌లు చూస్తుంటాను. ఆ అనుభవంతో కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. పీర్ టు పీర్ అనగానే జనానికి సినిమా డౌన్‌లోడ్లు గుర్తొస్తాయి, మీ గైడ్ గారికి కాలేజీ ఫైర్‌వాల్ గుర్తొస్తుంది. నిజానికి ఇందులో మూడు వేరు వేరు పనులున్నాయి: ఫైళ్లు పంచుకోవడం, ఫైళ్లు దాచుకోవడం, లెక్కలు చేయించుకోవడం. కష్టం కూడా ఇదే వరసలో పెరుగుతుంది. ఫైల్ ఎవరి దగ్గర తీసుకున్నా హాష్ (ఫైలుకి వేలిముద్ర లాంటి అంకె) సరిపోతే చాలు, ఇచ్చినవాడు దొంగైనా మనకి నష్టం లేదు. లెక్క అలా కాదు, ఎవరో చేసిన లెక్క సరైనదేనని తెలియాలంటే చాలాసార్లు మళ్లీ మనమే చెయ్యాలి. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఇంకొకటి, గ్రహాంతర జీవుల సంకేతాలు వెతికే సెటీ ఎట్ హోమ్‌ని చాలామంది పీర్ టు పీర్‌కి ఉదాహరణగా రాసేస్తారు. 1999 మే 17న బర్క్‌లీలో మొదలై 2020 మార్చి 31న కొత్త పనులు పంచడం ఆపేసిన ఆ ప్రాజెక్టులో యాభై లక్షల మందికి పైగా చేరారు. కానీ అందులో పని పంచేది ఒక సర్వర్, జవాబులు తీసుకునేదీ అదే సర్వర్. దాన్ని వాలంటీర్ కంప్యూటింగ్ అంటారు. ప్రోటీన్ల మడతలు లెక్కించే ఫోల్డింగ్ ఎట్ హోమ్ కూడా అంతే, 2020లో కోవిడ్ సమయంలో జనం ఎగబడి చేరితే అది సెకనుకు ఎక్సాఫ్లాప్ (పదివేల కోట్ల కోట్ల లెక్కలు) దాటింది, అయినా మధ్యలో సర్వర్లు ఉన్నాయి. ఆ సర్వర్ తీసేసి, పని పంచడం, సరిచూడటం, లెక్కలు రాసుకోవడం అన్నీ ఆ కంప్యూటర్లే తమలో తాము చేసుకోవాలంటే అప్పుడు అసలైన తలనొప్పి మొదలవుతుంది. వైవాలో ఈ తేడా తప్పకుండా అడుగుతారు.

వెతకడం గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను. 1999లో పాటలు పంచుకునే నాప్‌స్టర్, ఏది ఎవరి దగ్గరుందో చెప్పే జాబితా ఒకటి మధ్యలో పెట్టుకుంది, 2001లో కోర్టు దెబ్బకి ఆ జాబితాతో పాటు మొత్తం పోయింది. 2000లో వచ్చిన గ్నుటెల్లా జాబితా లేకుండా పక్కవాణ్ని, పక్కవాడి పక్కవాణ్ని అడుగుతూ పోయింది, దాంతో అడిగే మెసేజీలే నెట్‌వర్క్‌ని నింపేశాయి. 2001లో ఎంఐటీ వాళ్ల కార్డ్, ఆ ఏడాదే క్యాన్, పేస్ట్రీ, టాపెస్ట్రీ, 2002లో కడెమ్లియా వచ్చాయి, ఆ జాబితానే కంప్యూటర్లన్నీ ముక్కలుగా పంచుకునే పద్ధతులివి. పది లక్షల కంప్యూటర్లున్నా దాదాపు ఇరవై అడుగుల్లోపు దొరుకుతుంది. కార్డ్‌లో అయితే సగటున పదే. ఇవాళ బిట్‌టోరెంట్‌లో, ఫైళ్లు దాచి పంచుకునే ఐపీఎఫ్ఎస్‌లో నడుస్తున్నది కడెమ్లియా పద్ధతే. దాన్ని ఇంకో పన్నెండు శాతం వేగం చేశామని సిమ్యులేటర్ గ్రాఫ్‌తో వచ్చే థీసిస్ ప్రతి ఏడాదీ ఒకటైనా నా ముందుకొస్తుంది. పాసవుతుంది, ఎవరూ చదవరు.

మొదటి అసలు సమస్య: కంప్యూటర్లు వచ్చి పోతుండటం. దీన్నే చర్న్ అంటారు. 2002లో సరోయు, గుమ్మడి, గ్రిబుల్ నాప్‌స్టర్, గ్నుటెల్లా నెట్‌వర్కులని కొలిచి చూస్తే ఒక కంప్యూటర్ ఒకసారి చేరాక ఉండే సమయం మధ్యస్థ విలువ ఒక గంట. సగం మంది గంటలోపే వెళ్లిపోతున్నారన్నమాట. పాట దింపుకోవడానికి గంట చాలు. మీ లెక్క మూడు గంటలు నడవాల్సినదైతే?

"మధ్యమధ్యలో స్థితిని సేవ్ చేసి పక్క కంప్యూటర్‌కి పంపేస్తే సరిపోతుంది" అంటారు. లెక్క వేసి చూడండి. ప్రోగ్రామ్ స్థితి 2 జీబీ, ఇంటి కనెక్షన్ అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ అనుకుంటే ఒక్కసారి పంపడానికి దాదాపు 27 నిమిషాలు. ఉండేదే గంట, అందులో సగం సామాన్లు సర్దుకోవడానికే పోయింది. మరీ తరచుగా సేవ్ చేస్తే పని నడవదు, అరుదుగా చేస్తే చేసిన పని పోతుంది. ఎప్పుడు చెయ్యాలన్నది ఆ కంప్యూటర్ ఇంకా ఎంతసేపు ఉంటుందన్న అంచనా మీద ఆధారపడుతుంది. ఆ అంచనా దగ్గరే చాలా పేపర్లు తప్పటడుగు వేస్తాయి. లెక్క సులువని సెషన్ నిడివికి ఎక్స్‌పొనెన్షియల్ డిస్ట్రిబ్యూషన్ వాడేస్తారు. దాని అర్థం ఇప్పుడే వచ్చినవాడూ, పది గంటలుగా ఉన్నవాడూ వచ్చే నిమిషంలో వెళ్లిపోయే అవకాశం సమానమే అని. 2006లో స్టుట్స్‌బాక్, రెజాయీ నిజం నెట్‌వర్కుల్ని కొలిచి అది సరిపోవట్లేదనీ, వైబుల్, లాగ్ నార్మల్ లాంటివి బాగా సరిపోతున్నాయనీ చూపించారు. ఎక్కువసేపటి నుంచి ఉన్నవాడు ఇంకా ఉండే అవకాశమే ఎక్కువ. ఈ ఒక్క విషయంతో పని పంచే పద్ధతి మారిపోతుంది: పెద్ద పనులు పాత కాపులకి, చిన్న పనులు కొత్తగా వచ్చినవాళ్లకి.

ఇంతవరకూ పుస్తకాల్లో దొరుకుతుంది. ఇప్పుడు మన దగ్గర సంగతి.

మా జిల్లాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఇలాంటిదే ఒకటి నడిపాం. నాగావళి వరద మోడల్ ఒకటుంది, దాన్ని వేరు వేరు వర్షపాతం అంకెలతో వందలసార్లు నడపాలి, ఒక పరుగుకీ ఇంకో పరుగుకీ సంబంధం లేదు. ఇలాంటి పనికి ఖాళీగా ఉన్న ల్యాబ్ కంప్యూటర్లంత మంచివి లేవు. రాత్రంతా నడుస్తాయిలే అనుకుంటే ల్యాబ్ అటెండర్ గారు సాయంత్రం క్లాసులవగానే మెయిన్ ఆఫ్ చేసి తాళం వేసుకుని వెళ్లిపోతారు. ఆయన తప్పేం లేదు, ఆయనకి ఇచ్చిన ఆర్డర్ అదే. కానీ సిస్టమ్ వైపు నుంచి చూడండి, అరవై కంప్యూటర్లు ఒక్క సెకనులో మాయం. ఒక్కో పనికి మూడు కాపీలు మూడు కంప్యూటర్లలో పెట్టాం, మూడూ ఆ గదిలోవే.

రెప్లికా, అంటే కాపీల లెక్కలన్నీ ఒక ఊహ మీద నిలబడి ఉంటాయి: ఒకటి పోవడానికీ ఇంకొకటి పోవడానికీ సంబంధం లేదని. ఒక్కోటి 90 శాతం సమయం ఉంటుందనుకుంటే మూడు కాపీలతో 99.9 శాతం అని రాసేస్తారు. ఆ సంబంధం లేకపోవడం అనేదే లేనప్పుడు ఆ మూడు తొమ్మిదులకి అర్థం లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలమీద పడ్డాయి, ఎన్నో ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. 2014లో హుద్‌హుద్ అప్పుడు విశాఖ, విజయనగరం పరిస్థితీ అంతే. ఆ సమయంలో పలాసలో ఒక కాపీ, సోంపేటలో ఒకటి, వజ్రపుకొత్తూరులో ఒకటి పెట్టుకున్నవాడికి ఒక్కటీ మిగిలేది కాదు. మూడు ఊళ్లు వేరే, తుపాను ఒకటే. మామూలు రోజుల్లో కూడా ఒకే ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే కరెంటు లైను) మీదున్న ఇళ్లన్నీ కోత సమయంలో కలిసే పోతాయి.

ఇది మన పల్లెలకే పరిమితమనుకోకండి. 2007 ఆగస్టులో, అప్పట్లో పీర్ టు పీర్ మీద నడిచే స్కైప్ రెండు రోజులు కుప్పకూలింది. విండోస్ అప్‌డేట్ తర్వాత ప్రపంచవ్యాప్తంగా కంప్యూటర్లు దాదాపు ఒకేసారి రీస్టార్ట్ అయ్యాయి, అన్నీ కలిసి లాగిన్ కోసం వచ్చిపడ్డాయి, మధ్యలో మిగతావాళ్ల భారం మోయాల్సిన సూపర్‌నోడ్లూ (అవీ వాడుకునేవాళ్ల కంప్యూటర్లే) అదే గుంపులో ఉన్నాయి. కొన్నేళ్లకి, 2012 నాటికి, ఆ సూపర్‌నోడ్ల పనిని మైక్రోసాఫ్ట్ సొంత సర్వర్ల మీదకి మార్చేసింది. పీర్ టు పీర్ ఓడిపోయిందని దీన్ని చెప్పుకుంటారు, నేనైతే కలిసి పడిపోవడాన్ని లెక్కలోకి తీసుకోని డిజైన్ ఓడిపోయిందంటాను.

కాబట్టి ఎవరు ఎంతసేపు ఉంటారన్న దానితో పాటు, ఎవరితో కలిసి పోతారు అన్నది కూడా నేర్చుకుని, కాపీల్నీ పనుల్నీ దాని ప్రకారం పంచే పద్ధతి కావాలి. మధ్యలో సర్వర్ లేకుండా. ఒక్కో కంప్యూటర్‌కి తన చుట్టుపక్కల వాళ్ల గురించి మాత్రమే తెలిసినప్పుడు ఇద్దరు ఒకే ఫీడర్ మీద ఉన్నారని ఎలా కనిపెట్టాలి? ఫీడర్ నంబరు ఎవరూ చెప్పరు, పాత రికార్డుల్లో ఎప్పుడెప్పుడు కలిసి మాయమయ్యారో చూసి ఊహించాలి, ఆ రికార్డుల్లో అబద్ధం చెప్పేవాళ్లూ ఉంటారు. మంచి సమస్య ఇది.

రెండోది, జవాబుని నమ్మడం. సెటీ రోజుల్లోనే పాయింట్ల పట్టికలో పైకి ఎక్కడానికి చెయ్యని పనికి జవాబులు పంపినవాళ్లున్నారు. డబ్బు లేదు, బహుమతి లేదు, ఒట్టి పేరు కోసం. మందు ఏమిటంటే ఒకే పనిని ఇద్దరికో ముగ్గురికో ఇచ్చి జవాబులు కలిస్తేనే ఒప్పుకోవడం, వాలంటీర్ కంప్యూటింగ్ నడిపే బాయింక్ సాఫ్ట్‌వేర్‌లో దాన్నే కోరం అంటారు. ఖర్చు అక్కడికక్కడే రెట్టింపు. పోనీ దానితో అయినా తీరుతుందా? మోసగాళ్లు పది శాతం ఉండి, వాళ్లంతా మాట్లాడుకుని ఒకే తప్పు జవాబు పంపితే, ఇద్దరికిచ్చిన పనుల్లో ఒక శాతం తప్పు జవాబులు తనిఖీ దాటి లోపలికొస్తాయి. వెయ్యి పరుగుల వరద మోడల్లో పది తప్పు, అవి ఏవో తెలియదు.

2000ల మొదట్లో లూయిస్ సర్మెంటా చెప్పిన పద్ధతి నాకు ఇప్పటికీ ఇష్టం: మధ్యమధ్యలో జవాబు మనకి ముందే తెలిసిన పనిని చెప్పకుండా ఇవ్వడం. దొరికిపోతే ఇంతవరకూ అతను పంపినవన్నీ చెత్తబుట్టలోకి. ప్రతి పనినీ రెట్టింపు చెయ్యడం కంటే చాలా చవక. కాకపోతే దొరికినవాడు కొత్త పేరుతో తిరిగి రాలేనప్పుడే ఇది పనిచేస్తుంది, ఆ గొడవ కింద చెప్తాను.

ఇక్కడ పిల్లలు అసలు ఊహించనిది ఒకటుంది. నిజాయితీపరుల జవాబులు కూడా కలవవు. మా వరద మోడల్లో ఒకే ప్రోగ్రామ్, ఒకే ఇన్‌పుట్, పాత ఏఎండీ డబ్బా ఒక అంకె, కొత్త ఇంటెల్ ఇంకో అంకె ఇచ్చాయి, చివరి స్థానాల్లో తేడా. దశాంశ సంఖ్యల్ని కంప్యూటర్ కూడే క్రమం మారితే మొత్తం కొద్దిగా మారుతుంది. లైబ్రరీ వెర్షన్ మారినా అంతే. వరద లాంటి లెక్కల్లో ఆ చిన్న తేడా అడుగడుగునా పెరిగి కళ్లకి కనిపించేంత అవుతుంది. బిట్ బిట్ కలవాలంటే నిజాయితీపరుల్ని దొంగలంటాం, కొద్ది తేడా వదిలేద్దామంటే ఆ సందులోంచి దొంగ దూరతాడు. బాయింక్ దీనికి ఒకే రకం ప్రాసెసర్, ఒకే రకం ఓఎస్ ఉన్నవాళ్లకే ఆ పని కాపీలు ఇచ్చే ఏర్పాటు పెట్టింది. అది చెయ్యడానికి మొత్తం జాబితా ఉన్న సర్వర్ ఒకటుండాలి. సర్వర్ లేని చోట సరిజోడుని ఎలా వెతకాలి, ఆ వెతికే క్రమంలోనే ఇద్దరు దొంగలు జోడీ కట్టకుండా ఎలా ఆపాలి అన్నవి ఇప్పటికీ సరిగ్గా తేలనివే.

"జీరో నాలెడ్జ్ ప్రూఫ్ ఉంది కదా సార్" అని ఈమధ్య ప్రతి ఒక్కరూ అడుగుతున్నారు. ఉంది, లెక్క సరిగ్గానే చేశానని మళ్లీ చెయ్యకుండా నమ్మించే రుజువు అది, అందమైన గణితం, సరిచూడటం చిటికెలో అవుతుంది. రుజువు తయారు చెయ్యడానికి మాత్రం అసలు లెక్క కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఖర్చు. పక్కవాడి ఖాళీ కంప్యూటర్ వాడుకుని డబ్బు మిగుల్చుకుందామని బయలుదేరిన మనకి అది గిట్టుబాటు కాదు, ఇప్పటికైతే. ఇక చిప్‌లోనే తాళం వేసిన గది లాంటి ఏర్పాట్లు, ఇంటెల్ ఎస్‌జీఎక్స్ వగైరా. 2018లో ఫోర్‌షాడో దాడితో వాటిలోంచీ రహస్యాలు లాగొచ్చని తేలింది. పూర్తిగా పనికిరావని అనను, వాటి మీదే భారం వెయ్యొద్దంటాను.

ఒక్కడే వందమందిగా రావడం ఇంకో మొండి సమస్య. 2002లో జాన్ డౌసర్ సిబిల్ దాడి పేరుతో దీన్ని తేల్చి చెప్పాడు: ఎవరు ఎవరో చెప్పే ఒక కేంద్ర వ్యవస్థ లేనంతకాలం, ఆచరణలో ఉండే పరిస్థితుల్లో, ఒకే మనిషి అనేక పేర్లతో రావడాన్ని పూర్తిగా ఆపలేం. పైన చెప్పిన కోరం, తనిఖీ, మంచి పేరు పాయింట్లు, అన్నీ ఇక్కడ వచ్చి కూలబడతాయి. ఇద్దరు వేరు వేరు మనుషులకిచ్చాం అనుకున్నది ఒకడికే ఇచ్చి ఉండొచ్చు. 2009లో మొదలైన బిట్‌కాయిన్ దీనికి ఒక దారి చూపింది, పేరుకి విలువ లేదు, కాల్చిన కరెంటుకే విలువ. ఆ కరెంటు మన వరద లెక్కకి పనికిరాదు, వృథాగా పోతుంది. అయినా అక్కడా 2015లో ఎక్లిప్స్ దాడి చూపించారు, ఒక నోడ్ చుట్టూ తన వాళ్లనే నింపి దానికి మిగతా ప్రపంచం కనపడకుండా చెయ్యడం.

క్లాసులో ఈ పాఠం చెప్తే వెనక బెంచీ నుంచి ఒకటే జవాబు, "ఆధార్ పెట్టేద్దాం సార్". పెట్టొచ్చు. అప్పుడు ఆధార్ సరిచూసే కేంద్రం ఒకటి వస్తుంది, అది ఆగితే అంతా ఆగుతుంది, ఎవరు ఏ లెక్క చేశారో దానికి తెలిసిపోతుంది. ఇంతోటిదానికి పీర్ టు పీర్ ఎందుకు, ఒక సర్వర్ కొనుక్కుంటే పోలా? అయితే కాలేజీ లోపల మాత్రం ఇది పెద్ద సమస్య కాదు, కాలేజీ లాగిన్ ఉంది కాబట్టి. మీ ప్రాజెక్టుని కాలేజీల మధ్యకి పరిమితం చేసుకుంటే సిబిల్ సమస్యని పక్కన పెట్టొచ్చు, ఆ మాట రిపోర్టులో స్పష్టంగా రాయండి. ఊహని దాచేస్తే ఎగ్జామినర్ పట్టుకుంటాడు, ముందే చెప్తే మెచ్చుకుంటాడు.

అసలు ఎవరైనా కంప్యూటర్ ఎందుకివ్వాలి? 2000లోనే అడార్, హ్యూబర్మన్ గ్నుటెల్లాని చూసి దాదాపు 70 శాతం మంది ఏమీ పంచట్లేదనీ, వచ్చే జవాబుల్లో దాదాపు సగం ఒక్క శాతం మంది దగ్గర్నుంచే వస్తున్నాయనీ రాశారు. బ్రామ్ కోహెన్ బిట్‌టోరెంట్‌లో దీనికి పెట్టిన మందు, నువ్విస్తే నేనిస్తాను. వరి నాట్లప్పుడు ఇవాళ మీ పొలంలో మేం, రేపు మా పొలంలో మీరు అన్న పద్ధతే. నాట్లు అందరికీ ఒకే నెలలో వస్తాయి కాబట్టి అది నడుస్తుంది. టోరెంట్‌లోనూ ఇద్దరికీ అదే ఫైలు అదే గంటలో కావాలి. లెక్కల పనికి ఆ వీలు లేదు, నాకు ఇవాళ అవసరం, మీకు ఆర్నెల్ల తర్వాత, అదీ నా దగ్గర కాకుండా మూడోవాడి దగ్గర. అంటే అప్పులూ జమలూ రాసుకునే పుస్తకం కావాలి, ఆ పుస్తకం ఎవరి దగ్గరుండాలన్న ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది. బ్లాక్‌చైన్‌లో రాద్దామంటే ఐదు నిమిషాల పనికి అంత బరువైన చిట్టా రాయడం దండగ.

కరెంటు ఖర్చు కూడా చూడండి. పనిచేస్తున్న డెస్క్‌టాప్ అదనంగా 150 వాట్లు తింటే రోజుకి ఎనిమిది గంటలకి 1.2 యూనిట్లు, నెలకి 36. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే 216 రూపాయలు. ఖాళీ కంప్యూటర్ ఉచితం అని పేపర్లో రాయొచ్చు, ఇంట్లో నాన్నగారు బిల్లు చూసి ఒప్పుకోరు.

కనెక్షన్ల సంగతి. ఇద్దరు పీర్లు నేరుగా మాట్లాడుకోవాలంటే కనీసం ఒకరికైనా బయటి నుంచి చేరగలిగే అడ్రస్ ఉండాలి, ఇళ్లలో రౌటర్ ఎన్ఏటీ (ఇంట్లోవాళ్లందరికీ బయటికి ఒకటే అడ్రస్ చూపించే ఏర్పాటు) వెనక దాక్కుని ఉంటాం. ఫోర్డ్, శ్రీసురేశ్, కెగెల్ 2005లో పరీక్షిస్తే హోల్ పంచింగ్, అంటే రెండు వైపుల నుంచీ ఒకేసారి తలుపు తట్టి దారి చేసుకోవడం, యూడీపీ మెసేజీలకి 82 శాతం, టీసీపీ కనెక్షన్లకి 64 శాతం ఎన్ఏటీల్లో పనిచేసింది. ఈ అంకెల్ని ఇప్పటికీ అలాగే ఎత్తి రాసేస్తున్నారు. ఇరవై ఏళ్ల కిందటి రౌటర్లవి అవి. ఇప్పుడు మన ఫోన్ సిమ్‌లూ, చాలా ఫైబర్ కనెక్షన్లూ కంపెనీ పెట్టిన ఇంకో పెద్ద ఎన్ఏటీ వెనక ఉంటాయి, మీ రౌటర్ బయటి అడ్రస్ 100.64తో మొదలైతే మీరు దాని వెనక ఉన్నట్టు లెక్క. ప్రతి కంప్యూటర్‌కీ సొంత అడ్రస్ ఇవ్వగల ఐపీవీ6 వస్తే ఇదంతా పోతుందన్నారు, ఐపీవీ6 వచ్చింది, దానితో పాటు బయటి నుంచి ఏదీ లోపలికి రానివ్వని ఫైర్‌వాల్ కూడా వచ్చింది. నేను ఎచ్చెర్ల వైపు ఒక సిమ్ నుంచి, రాజాం వైపు ఇంకో కంపెనీ సిమ్‌కి కలపాలని చూస్తే కొన్నిసార్లు కలుస్తుంది, ఎక్కువసార్లు మధ్యలో రిలే సర్వర్ కావాల్సి వచ్చింది. రిలే డబ్బు ఎవరిస్తారన్నది సరే సరి. ఫోన్లనే పీర్లుగా వాడదామంటే 2015లో ఆండ్రాయిడ్ 6 నుంచి డోజ్ అని ఒకటి వచ్చింది, స్క్రీన్ ఆపి కదలకుండా పెడితే వెనక నడిచే పనుల్ని నిద్రపుచ్చేస్తుంది.

దాచుకోవడం మీద చెయ్యాలనుంటే బ్లేక్, రోడ్రిగ్స్ 2003లో వేసిన లెక్క ఒకటి ముందు చదవండి. ఎప్పుడూ దొరకాలి, బోలెడంత దాచాలి, సభ్యులు వచ్చి పోతుండాలి, ఈ మూడింటిలో రెండే ఎంచుకోండి అంటుంది. ఎవరో వెళ్లిపోయిన ప్రతిసారీ కాపీని మళ్లీ తయారు చెయ్యాలి, దానికయ్యే అప్‌లోడ్ ముందు చాలకుండా పోతుంది, డిస్క్ కాదు.

ఏకాభిప్రాయం, అంటే కంప్యూటర్లన్నీ ఒకే మాట మీదకి రావడం (కన్సెన్సస్), థియరీలో బాగా తవ్వేశారు. 1982లో బైజాంటైన్ జనరల్స్ సమస్య, 1985లో ఎఫ్ఎల్‌పీ రుజువు, 1999లో పీబీఎఫ్‌టీ పద్ధతి. అబద్ధాలాడేవాళ్లు ఎఫ్ మంది ఉంటే మొత్తం కనీసం మూడు ఎఫ్ ప్లస్ ఒకటి ఉండాలి. ఎంటెక్‌లో అక్కడ కొత్తగా ఏదో చెయ్యడం కష్టం, చదవండి, వాడుకోండి, ముందుకెళ్లండి. పెద్ద భాషా మోడళ్లని పీర్లతో ట్రైన్ చెయ్యడం ఇప్పుడు వేడి మీదున్న అంశం, నాకూ ఆసక్తే. వంద కోట్ల పారామీటర్లున్న చిన్న మోడల్‌కే 16 బిట్లలో ఒక్క అడుగుకి పంచుకోవాల్సిన గ్రేడియెంట్ (మోడల్‌ని సరిదిద్దే అంకెలు) 2 జీబీ, పైన చెప్పిన 27 నిమిషాలు మళ్లీ గుర్తు చేసుకోండి. 2023లో డైలోకో పద్ధతి ఆ సంభాషణని 500 రెట్లు తగ్గించిందంటే జనం ఎందుకు ఎగిరారో అర్థమవుతుంది. కానీ మీ ల్యాబ్‌లో జీపీయూలు లేవన్నారు, కాబట్టి వదిలేయండి.

మరి మీరేం చెయ్యాలి? నా సలహా: కలిసి పడిపోవడం మీద చెయ్యండి. ముందు కొలవండి. ముప్పై కంప్యూటర్లలో ప్రతి నిమిషం ఒక చిన్న మెసేజ్ పంపే ప్రోగ్రామ్ పెట్టండి, ఎప్పుడు ఆన్, ఎప్పుడు ఆఫ్, సీపీయూ ఎంత ఖాళీ. ఇంకో రెండు కాలేజీల్లో స్నేహితులుంటే, ఒకటి శ్రీకాకుళం టౌన్‌లో, ఒకటి టెక్కలి వైపో పార్వతీపురం వైపో, అక్కడా పెట్టించండి. ఒక సెమిస్టర్ మొత్తం వదిలేయండి. పరీక్షల వారం, సంక్రాంతి సెలవులు, వేసవి కోతలు అన్నీ అందులో పడాలి. కుదిరితే ఇంకాస్త ముందే మొదలుపెట్టి పైడితల్లమ్మ జాతర సిరిమాను మంగళవారం కూడా పడేలా చూసుకోండి, మీకు చెప్పక్కర్లేదు, ఆ రోజు మూడు లాంతర్ల సెంటర్ దగ్గర ఫోన్‌లో డేటా ఎలా కదులుతుందో. ఒక్కసారిగా వచ్చిపడే గుంపుకి అంతకంటే మంచి ప్రయోగశాల దొరకదు.

ఆ డేటా వచ్చాక పీర్‌సిమ్ అనే సిమ్యులేటర్‌లో దాన్నే నడపండి. ఇదే తేడా. మామూలుగా సిమ్యులేటర్‌లో చర్న్‌ని కల్పించి పెడతారు, మీరు కొలిచినది పెడతారు. సెషన్ల మొత్తం నిడివి అంతే ఉంచి, కలిసి పోవడాన్ని మాత్రం కలగాపులగం చేసి రెండోసారి నడపండి. రెండింటి మధ్య ఎన్ని పనులు పోయాయో ఆ తేడాయే మీ మొదటి ఫలితం. ఒకప్పుడు ఇలాంటి ప్రయోగాలకి ప్లానెట్‌ల్యాబ్ ఉండేది, ప్రపంచంలో వందల యూనివర్సిటీల కంప్యూటర్లు, 2020లో మూసేశారు. అయినా అది యూనివర్సిటీల మంచి కరెంటు, మంచి నెట్ మీద నడిచింది కాబట్టి మన ఫీడర్ల సంగతి దానిలో తెలిసేది కాదు.

తర్వాత పని పంచే పద్ధతి. మొదట చాలా మొద్దుది పెట్టండి: గత నెలలో కలిసి మాయమైన జంటలకి ఒకే పని కాపీలు ఇవ్వొద్దు, అంతే. అదే ఎంత లాభమిస్తుందో చూశాక తెలివైనది ఆలోచించండి. అబద్ధపు రికార్డుల సమస్య పీహెచ్‌డీకి దాచుకోండి.

ప్రోగ్రామ్ పెట్టే ముందు హెచ్ఓడీ గారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, ఎవరు లాగిన్ అయ్యారో ఏం చూస్తున్నారో రికార్డు చెయ్యట్లేదని అందులో రాయండి. యాంటీవైరస్ దాన్ని వైరస్ అనుకుని తీసేస్తుంది, సిస్టమ్ అడ్మిన్‌కి ముందే చెప్పి పెట్టుకోండి. అటెండర్ గారితో కూడా మాట్లాడండి, మెయిన్ ఆపొద్దని అడగడానికి కాదు, ఎప్పుడు ఆపుతున్నారో పుస్తకంలో రాసిపెట్టమని. కరెంటు కోతకీ, మెయిన్ ఆపడానికీ, నెట్ పోవడానికీ లాగ్‌లో తేడా కనపడదు, మూడూ మౌనంగానే ఉంటాయి. సబ్‌స్టేషన్ నుంచి ఫీడర్ కోతల వివరాలు దొరికితే ఇంకా మంచిది, కాలేజీ లెటర్‌హెడ్ మీద అడిగితే సాధారణంగా ఇస్తారు. డేటా రావడం మొదలయ్యాక మొదటి రెండు వారాల ఫైలు ఇక్కడ పెడితే నేను చూసి చెప్తాను.